ఒక్క బల్బుకు ఎన్ని దండాలు

నాన్నను మేము బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు పోయి ఆరు నెలలు కావస్తున్నా, కోరుట్లలోని మా ఇంటి ముందు గదిలో పొద్దుగూకినాక లైటు వెలగడం లేదన్న సంగతి పక్కింటి చిన్నమ్మ ఫోన్ చేసేదాకా నాకు తెలియదు. నేను జగిత్యాలలో టీచర్ని. రోజూ సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి తిన్నావా అని అడిగేదాన్ని. లైటు వేశావా అని అడగాలని ఎవరికి తోస్తుంది?

ఆ గది స్విచ్చి బాపుది. అలా అని ఎవరూ అనుకున్నది కాదు. ఆయన మాపటి కల్లు దించుకొని తాటివనం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, లైటు వేసేవాడు. అవ్వ బీడీల చేట పక్కన పెట్టి బల్బుకు దండం పెట్టేది. మేమూ పెట్టేవాళ్లం. మునిమాపు ఇంట్లోకి వెలుగొస్తే, అది నూనెదైనా కరెంటుదైనా, మా వైపు చేతులు జోడించడం మామూలే. ఆయన పోయినాక అవ్వ ఆ స్విచ్చి ముట్టలేదు. వంటింట్లో వేసుకునేది. ముందు గదిలో మాత్రం చీకట్లోనే కూర్చుని బీడీలు చుట్టేది. చుట్టడానికి ఆమెకు చూపు అక్కరలేదు. ఆకు కత్తిరించడానికి కావాలి. వేలు కోసుకుంది. చిన్నమ్మ ఫోన్ చేసింది అందుకే.

నేను వెళ్లి చెబితే, రేపటి నుంచి వేస్తానంది. వెయ్యలేదు. దుఃఖం గురించి నేను చదివిన పుస్తకాల్లో స్విచ్చుల ప్రస్తావన లేదు. అందుకని సిరిసిల్లలో ఉండే మా బావను అడిగాను. ఆయన మా అక్క భర్త, మరమగ్గాల మోటార్లు, వైరింగు చూస్తాడు. మనిషి కదిలితే దానంతటదే వెలిగే సెన్సర్ ఒకటుందని, ఎవరింటికో మెట్ల మీద పెట్టానని, ఆదివారం వస్తానని అన్నాడు.

ఆ ఆదివారం నేను ఇంకో తెలివైన పని కూడా చేశాను. స్విచ్చి కనబడితేనే కదా బాధ, దాన్ని పీకేసి ఆ చోట ఉత్త ప్లేటు బిగించమన్నాను. అవ్వ గోడకు ఆనుకొని అంతా చూసింది.

"మరి దీన్ని ఎవలు ఏస్తరు?" అని అడిగింది.

"ఎవలు ఏసుడు లేదత్తా. మనిషి కదిల్తె ఎలుగుతది."

"కదలకపోతె?"

"ఆరుతది."



మునిమాపు అవ్వ గదిలోకి రాగానే బల్బు వెలిగింది. దండం పెట్టింది. నేను బావ వైపు గర్వంగా చూశాను. అవ్వ చేట ఒడిలో పెట్టుకొని కూర్చుంది. బీడీలు చుట్టే మనిషిని చూసినవాళ్లకు తెలుసు, వేళ్లు తప్ప ఏదీ కదలదు. తలుపు పైన గోడకు బిగించిన సెన్సర్‌కు ఆ వేళ్లు ఆనలేదు. కాసేపటికి బల్బు ఆరింది. ఏమైందోనని అవ్వ తలెత్తింది, వెలిగింది. చేట దించి, చేతులు దులుపుకొని మళ్లీ దండం పెట్టింది. చిన్నమ్మ వచ్చింది, వెలిగింది, ఇద్దరూ పెట్టారు. పిల్లి అడ్డంగా పోయింది, వెలిగింది, మళ్లీ పెట్టారు. అలవాటు కొద్దీ నా చేతులు కూడా లేచాయి.

ప్రతిసారీ అక్కర లేదు, ఇందాక మొక్కావు కదా అని నేనన్నాను.

"గా దీపం ఆరిపాయె. ఇది కొత్తది" అంది అవ్వ.

బావ టైము పెంచాడు. అది ఎంత పెంచినా ఐదు నిమిషాలే. బీడీ చుడుతూ నడుమ నడుమ భుజాలు ఊపమని సలహా ఇచ్చాడు. నేను బల్ల ఫ్యానుకు పాత చీర ముక్క కట్టి ఊగేలా పెట్టాను. సెన్సర్ దాన్ని మనిషిగా ఒప్పుకోలేదు, దానికి ఒంటి వేడి కావాలట. ఈలోగా ఫ్యాను గాలికి చేటలోని తంబాకంతా లేచింది. చిన్నమ్మ తుమ్మింది, ఆ తుమ్ముకు వెలిగిన బల్బుకు ఇంకోసారి మొక్కి, తుమ్ముతూనే ఇంటికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు అవ్వ తనంతట తనే ఫోన్ చేసింది. బాపు పోయినాక అదే మొదటిసారి. కార్ఖానాలో బీడీల కట్టలు వాపస్ ఇచ్చారట, లూజుగా ఉన్నాయని. పెళ్లినాటి నుంచి ఆమె కట్ట ఒక్కటీ వెనక్కి రాలేదు. గుమాస్తా, "ఏందమ్మా, పానం మంచిగ లేదా?" అని అందరి ముందూ అడిగాడట. బల్బుకు మొక్కుతున్నానని ఎట్లా చెప్పడం?

"బిడ్డా, గా స్విచ్చి మళ్ల పెట్టియ్యి" అంది.

"నువ్వెయ్యవు గదనే అవ్వా."

"మీ బాపు ఒక్కసారి ఏస్తుండె. ఒక్కసారి మొక్కి పని చేసుకుంటుంటిమి. గిప్పుడు గుడి ముంగట కూసున్నట్టున్నది. పెట్టియ్యి, నేనే ఏస్త."

మర్నాడు బడి విడిచాక నేను కోరుట్ల వెళ్లాను, బావ సిరిసిల్ల నుంచి మళ్లీ వచ్చాడు. ఊడబీకిందాన్నే బిగించడానికి అరవై కిలోమీటర్లా అని దారిపొడుగునా నన్ను తిట్టుకొని ఉంటాడు, ఇంట్లోకి వచ్చాక మాత్రం నేరుగా స్క్రూడ్రైవర్ తీశాడు. పని అయ్యేసరికి పొద్దుగూకింది. అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకొని స్విచ్చి ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. కరెంటు ఉంది, నొక్కమని బావ చెప్పబోతే నేను వద్దని సైగ చేశాను.

నొక్కింది. దండం పెట్టింది. స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే బావ కూడా పెట్టాడు. అవ్వ కళ్లు తుడుచుకుంది, తరువాత స్విచ్చిని దగ్గరగా చూసింది.

"వంకరగ పెట్టినవ్ అల్లుడా."

బావ దాన్ని సరిచేస్తుంటే, ఆమె కూర్చుని కత్తెర తీసుకుంది. ఏమైనా మాట్లాడుతుందేమోనని నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎలుగుకు అడ్డమున్నవ్, జరుగు బిడ్డా" అంది, ఆకు కత్తిరిస్తూ.