ఇంకోసారి అడుగుతారని

ట్రావెల్ నర్సుగా నా మొదటి కాంట్రాక్టు పదమూడు వారాలు. ఎనిమిదో వారంలో ఒక మంగళవారం మందుల గదిలో ఇన్సులిన్ తీస్తుంటే, మా ఫ్లోర్ మేనేజర్ తలుపు దగ్గర నిలబడి, "ఇంకో పదమూడు వారాలు ఉంటావా? నీకు ఇష్టమైతే కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేద్దాం" అంది.

నాకు ఉండాలని ఉంది. ఎంతగా ఉందో ఆ నిమిషం దాకా నాకే తెలియదు. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం, "అయ్యో, నా గురించి మీరు ఇబ్బంది పడకండి, చూద్దాం" అని.

"నో ప్రెషర్" అని నవ్వి ఆవిడ వెళ్లిపోయింది.

మన బంతి భోజనాల్లో పెరిగినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వడ్డించేవాళ్లు ఇంకొంచెం అంటారు, మనం విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం. మళ్లీ అంటారు, చాలండీ అంటాం. మూడోసారి గరిటె వంచేస్తారు, మనం హాయిగా తినేస్తాం. మొదటిసారే సరే అంటే తిండికి మొహం వాచినట్టు ఉంటుందని మా ఇంట్లో నేర్పారు. ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నాను. తప్పు డోసు రాసిన డాక్టర్లను నిలదీశాను. ఈ మొహమాటం మాత్రం నన్ను వదల్లేదు. ఆవిడ రెండోసారి అడగడానికి ఎలాగూ వస్తుందని, నిశ్చింతగా సిరంజి పట్టుకుని పేషెంట్ దగ్గరికి నడిచాను.

అంతకుముందు హెర్న్‌డన్ దగ్గర ఒకే ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు చేశాను. మా ఆయన పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఆయన లేని ఇంట్లో సోఫా, కాఫీ కప్పులు, టీవీ రిమోట్ అన్నీ ఆయన లేరనే చెప్పేవి. మనుషులు తక్కువైన ఆసుపత్రికి మూడేసి నెలలు వెళ్లి పనిచేసి వచ్చే ఈ ఉద్యోగం గురించి వినగానే పేరు రాయించుకున్నాను. నాది కాని ఇల్లు ఖాళీగా ఉంటే నాకేమీ అనిపించదనుకున్నాను. అదీ తప్పే.

నన్ను పంపింది కాన్సస్‌లో ఒక చిన్న ఊరికి. మొదటి నెలంతా నన్ను "ట్రావెలర్" అనే పిలిచారు. ఏ ఫ్లోర్‌లో మనిషి తక్కువైనా ముందు పంపేది ట్రావెలర్‌నే కాబట్టి, ఎవరి పేరూ నాకు సరిగ్గా తెలిసేది కాదు, నా పేరు వాళ్లకీ తెలిసేది కాదు. పని లేని రోజుల్లో నోరు విప్పే అవసరమే రాదు. రెండు రోజుల తర్వాత షిఫ్టుకెళ్లి గుడ్ మార్నింగ్ అంటే గొంతు బొంగురుగా వచ్చేది.

రెండో నెలలో మా ఫ్లోర్ సెక్రటరీ, అరవై దాటిన ఆవిడ, ఒక పని మొదలుపెట్టింది. నర్సుల బల్ల దగ్గరున్న కుర్చీల్లో చక్రాలు సరిగ్గా తిరిగేది ఒక్కటే. దాన్ని పొద్దున్నే నాకోసం తన పక్కకి లాక్కుని పెట్టేది. ఎవరైనా కూర్చోబోతే "అది ఆమెది" అనేది. చెబితే నవ్వుతారు గానీ, ఆ ఒక్క మాట కోసం నేను ఆ ఊళ్లో ఇంకో ఏడాదైనా ఉండేదాన్ని.

తొమ్మిదో వారంలో రిక్రూటర్ ఫోన్ చేసింది. మా ఏజెన్సీలో నాకు ఉద్యోగాలు వెతికిపెట్టే అమ్మాయి, నేనెప్పుడూ మొహం చూడలేదు. "బాతెల్ అని ఇంకో ఊళ్లో ఒకటి వచ్చింది, డే షిఫ్ట్. నీ పేరు సబ్మిట్ చేయనా?"

"వద్దు, ఇక్కడే ఎక్స్‌టెండ్ చేస్తారు."

"కన్ఫర్మ్ చేశారా?"

"చేస్తారు" అన్నాను, కాస్త విసురుగానే.

ఆ తర్వాత రెండు వారాలూ మేనేజర్ గది ముందున్న ప్రింటర్‌కి నా వల్ల చాకిరీ పెరిగింది. అవసరమున్నా లేకపోయినా ఏదో ఒక కాగితం ప్రింట్ ఇచ్చి, దాన్ని తెచ్చుకునే వంకతో అటు వెళ్లేదాన్ని. ఆవిడ తలెత్తి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ మళ్లీ కంప్యూటర్‌లోకి చూసేది. ఇంకోసారి అడిగితే ఈవిడ సొమ్మేం పోయిందని ఒళ్లు మండిపోయేది.

పదకొండో వారం, పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అందరం నిలబడి మాట్లాడుకునేటప్పుడు, నా కాంట్రాక్టు అయిపోయిన మరుసటి సోమవారం నుంచి కొత్త నర్సు పర్మనెంటుగా వస్తోందని ఆవిడ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి శాన్ రామన్‌లో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేశాను. నర్సింగ్ కాలేజీలో నా రూమ్మేట్. అది అంతా విని, "అసలు వాళ్లు నిన్ను అడిగారా లేదా?" అంది.

"ఒకసారి అడిగారు."

"మరి యెస్ అనడానికేం రోగమే? వాళ్లేమైనా మీ అత్తగారా, బతిమాలి వడ్డించడానికి? ఇప్పుడైనా వెళ్లి అడుగు."

"నన్ను ఉంచుకోండని అడగనా? సిగ్గు లేదూ?"

"సిగ్గేంటే తల్లీ, అది జాబు, పెళ్లిచూపులు కాదు."

దాని మాట నిజమే. అయినా అడగలేదు. నా స్థానంలో మనిషి కుదిరాక అడిగితే అవతలివాళ్లకి ఇబ్బంది కదా అనుకున్నాను. చూడండి, అప్పుడు కూడా నా ఆలోచన వాళ్ల ఇబ్బంది గురించే.

రిక్రూటర్‌కి నేనే ఫోన్ చేశాను. డే షిఫ్ట్ ఎప్పుడో వేరేవాళ్లకి వెళ్లిపోయింది, బాతెల్ ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్ మాత్రం ఉందంది. సరే అన్నాను. "నీకు సెలవులు కావాల్సిన రోజులు ఇప్పుడే చెప్పు, కాంట్రాక్ట్‌లో రాయించేస్తా. పెళ్లిళ్లు, బర్త్‌డేలు, ఎవరైనా రావడం..."

ఎదురుగా గోడమీద క్యాలెండర్ ఉంది. మూడు నెలలూ తిప్పి చూశాను. నా రాక కోసం ఎదురుచూసేవాళ్లు ఒక్క గడిలోనూ లేరు. "ఏమీ లేవు" అన్నాను.

"నీ అంత ఈజీ నర్స్ నాకు ఇంకెవరూ లేరు తెలుసా" అని మెచ్చుకుంది. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను.

కొత్త ఆసుపత్రికి ఇప్పటి మేనేజర్ నా పని గురించి ఇచ్చే రెఫరెన్స్ కావాలి. ఆఖరి వారంలో మధ్యాహ్నం ఆవిడ గదిలోకి వెళ్లి అడిగాను. ఇప్పుడే చేసేస్తానని కూర్చోమంది. కంప్యూటర్‌లో ఫారం తెరిచి ఒక్కో ప్రశ్న పైకి చదువుతూ, జవాబు నొక్కుతూ, తల తిప్పకుండానే, "నువ్వు ఉంటావని చాలా ఆశపడ్డాను. మా ఊరు నీకు మరీ చిన్నదైపోయిందేమో అనుకున్నా" అంది.

"నాకు ఉండాలనే ఉండింది."

ఆవిడ ఇటు తిరిగింది. "నేను అడిగాను కదా."

"అడిగారు. ఇంకోసారి అడుగుతారనుకున్నాను."

"నువ్వు ప్రింటర్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అడుగుదామనే అనుకున్నాను. మళ్లీ అడిగితే నిన్ను బలవంతపెట్టినట్టు ఉంటుందని ఆగిపోయాను."

ఫారంలో చివరి ప్రశ్న మిగిలింది. అవకాశం ఉంటే ఈ నర్సును మళ్లీ తీసుకుంటారా? ఆవిడ 'అవును' మీద నొక్కి, పంపేముందు స్క్రీన్‌ని నావైపు తిప్పి చూపించింది. నేను తలూపాను. ఆ 'అవును' బాతెల్‌కి వెళ్లిపోయింది.