గుండ్రటి అర్జీ

తొంభైలలో కర్నూలు నుంచి బందరుకు బదిలీ అయిన కొత్త. బెజవాడ వెళ్లే ప్యాసింజరులో తన ఊరివాళ్లతో కలిసి వస్తున్న, మగ్గం నేసే పెద్దాయన ఒకరు నా చేతికి అర్జీ ఇచ్చారు. తమ ఊళ్లోనూ బండి ఆపమని రైల్వేవారికి విన్నపం. కింద సంతకాలన్నీ గుండ్రంగా, చక్రంలా ఉన్నాయి.

"ఇదేంటండీ, ఇలా పెట్టారు?"

"తెల్లదొరల నాడు మా తాత కూడా రైలు కోసమే అర్జీ పెట్టాడండీ. మొదటి పేరు ఆయనదని ఠాణాలో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ మా ఊరి అర్జీల్లో మొదటి పేరంటూ ఉండదండీ."

నాది సర్కారు ఉద్యోగం. బెదురుతూనే రెండు పేర్ల సందున సంతకం పెట్టాను.

"మరి బెజవాడ రైల్వే ఆఫీసులో దీన్ని ఇచ్చేదెవరండీ?"

ఆయన ఊరివాళ్లంతా కిటికీలోంచి బయటికి చూశారు. బెజవాడ దగ్గరపడుతోంది.

"ఎవరో ఒకరు ఇవ్వాలి కదండీ," అంటూ పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బండి ఆగగానే అందరికంటే ముందు ఆయనే దిగారు.