దేవమ్మ సాంబారు, సత్యలక్ష్మి గరిటె

సత్యలక్ష్మి పారబోయించిన సాంబారు ఫిల్మ్‌నగర్ బండల మీద ఆ సాయంత్రానికే ఎండిపోయింది. దేవమ్మ కడుపులో మాత్రం తొమ్మిదేళ్లు తడి ఆరలేదు.

ఎనభై నాలుగు నాటి సంగతి. జూబ్లీహిల్స్‌లో అప్పటికి రాళ్లెక్కువ, మేడలు తక్కువ. మొగుడు పోయాక దేవమ్మ కృష్ణానగర్ సందులో పొయ్యి రాజేసి షూటింగులకు భోజనాలు పంపేది. భీమవరం నుంచి వచ్చిన సత్యలక్ష్మిదీ అదే వ్యాపారం, కాకపోతే వంటవాళ్లూ వ్యానూ ఉన్న మనిషి. ఒక మధ్యాహ్నం యూనిట్టంతా ఆకుల ముందు కూర్చున్నాక, ఆవిడ పనిగట్టుకుని వచ్చి దేవమ్మ గుండిగలో బల్లి కనబడిందని కేకపెట్టింది. బల్లీ లేదు, దాని తోకా లేదు. తొంగి చూసే ఓపిక ఎవరికుంది? మేనేజరు గుండిగను బండల మీద ఒంపించాడు. మర్నాటి నుంచి అక్కడికి సత్యలక్ష్మి వ్యాను వెళ్లింది.

ఆ తర్వాత దేవమ్మ ఎక్కడికి వెళ్లినా లైట్‌మన్‌లు బల్లి ఎన్ని విజిళ్లకు ఉడుకుతుందని అడిగి నవ్వేవాళ్లు. ఆమె పులిహోర, పెరుగన్నం పంపుకుని బతికింది. సాంబారు మళ్లీ గడప దాటించలేదు. ఇంట్లో రోజూ కాచేది, తానే తినేది.

తొంభై మూడు వచ్చేసరికి ఈ వ్యాపారంలో ఏడుగురు ఆడవాళ్లు తేలారు. ఒకరి ధర ఒకరు కోసుకోవడం, ఒకరు పట్టిన షూటింగులోకి ఇంకొకరి క్యారేజీలు వస్తే వాటా గుంజడం. చివరికి ఎవరికీ మిగిలింది లేదు. అప్పుడు కల్పించుకున్నవాడు మధురానగర్ పట్టాభిరామయ్య. ఆ ఏడుగురిలో ఒకతైన నీలమ్మ మెస్సులో భోంచేసే ముసలాయన, ఖాట్మండులో సార్క్ ఆఫీసులో టైపు కొట్టి రిటైరయ్యాడు. మనమూ, పాకిస్తానూ, బంగ్లాదేశూ, నేపాలూ, భూటానూ, శ్రీలంకా, మాల్దీవులూ కలిసి పెట్టుకున్న సంఘం అది. ఒకరి సరుకు మీద ఒకరు వేసుకునే సుంకాలు కొద్దికొద్దిగా తగ్గించుకుందామని ఆ ఏడే ఢాకాలో సంతకాలు కూడా అయ్యాయట. ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న దేశాలే ఆ పని చేస్తే, ఏడు పొయ్యిలవాళ్లు చేయలేరా అన్నాడాయన.

సత్యలక్ష్మికి లాభం కనబడింది, భయమూ పట్టుకుంది. ఆరుగురు చిన్నవాళ్లు ఒకటై తన నెత్తినెక్కితే? సార్క్‌లో చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి లేదని, అందరూ సరేనంటేనే పని జరుగుతుందని, భూటాన్ కాదన్నా ఆగుతుందని పట్టాభిరామయ్య చెప్పాడు. ఇద్దరి మధ్య ఉన్న పాత తగువులు బల్ల దగ్గరికి తేకూడదన్నది ఇంకో నియమం. అది ఆవిడకు మరీ రుచించింది. బల్లి మాట ఇక ఎవరూ ఎత్తరు కదా. రెండు నియమాలూ ఉండాల్సిందేనని పట్టుబట్టింది. అందరికన్నా ముందు సరేనన్నది దేవమ్మే.

కొన్నాళ్లు బాగానే సాగింది. బియ్యం, కందిపప్పు బేగంబజారులో కలిపి కొన్నారు. గుండిగలు కిరాయి లేకుండా ఇచ్చిపుచ్చుకున్నారు. క్యారేజీల మీద వాటాలు తగ్గించుకున్నారు. ఇంతలో కొండ మీద యుద్ధం సెట్టు వేశారు. వందలమంది జూనియర్ ఆర్టిస్టులు, ఎండాకాలమంతా షూటింగు. ఏడు పొయ్యిలూ కలిస్తే తప్ప అంత వంట తెమలదు. సత్యలక్ష్మి ఎవరినీ అడక్కుండానే మేనేజరుకు మాటిచ్చేసి, ఆ తర్వాత నీలమ్మ వరండాలో అందరినీ కూర్చోబెట్టింది. ఆరు తలలు ఊగాయి.

"నేనొప్పుకోను," అంది దేవమ్మ, వక్క కత్తిరించుకుంటూ.

"ఎందుకని? కారణం చెప్పాలి కదండీ పంతులుగారూ?" అని సత్యలక్ష్మి ముసలాయన వైపు తిరిగింది.

"పాత తగువైతే ఇక్కడ చెప్పకూడదండీ," అన్నాడు పట్టాభిరామయ్య. "మీరు పెట్టించిన నియమమే."

రెండోసారి కూర్చున్నా అదే మాట, అదే వక్క. నీలమ్మ దేవమ్మ గదికి వచ్చి ఏడ్చింది. "నీ పగకు నా పొయ్యెందుకు ఆరాలె అక్కా?" అంది. దేవమ్మ ఆమెకు అన్నం పెట్టింది గానీ మాట మాత్రం ఇవ్వలేదు.

సార్క్‌వాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారని సత్యలక్ష్మి పట్టాభిరామయ్యనే అడిగింది. బల్ల దగ్గర అనరానివి టీ తాగేచోట అనుకుంటారన్నాడాయన. ఆవిడ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, మురుగు దాటుకుంటూ దేవమ్మ గదికి వచ్చింది.

"నీకేం కావాలో చెప్పు దేవమ్మా."

"ముందుగాల కూసో. అన్నం తిను."

ఆకులో అన్నం, దాని మీద సాంబారు. సత్యలక్ష్మి కళ్లు ఆకులోనే ఉండిపోయాయి.

"ఏంది జూస్తున్నవ్? గా బల్లి నీకు తప్ప ఎవలకు గనవడదులే."

ఆవిడ నాలుగు ముద్దలు తిని, బాగుందంది.

"గీడ జెప్తే ఎవలకు ఇనవడ్తది? గా సెట్టు మీద సాంబారు నాదే ఉండాలె. నీ చేతితోని నువ్వే వడ్డించాలె."

"నేనా? గరిటె పట్టుకుని నిలబడాలా?"

"గుండిగ ఒంపిచ్చిన చెయ్యే గదా."

సత్యలక్ష్మి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచిపోయింది. కానీ మేనేజరు మనిషి రోజూ ఆవిడ గుమ్మంలోనే నిలబడుతున్నాడు. మూడోసారి కూర్చున్నప్పుడు నేల చూస్తూ, సాంబారు దేవమ్మది, వడ్డన తనది అని ఆవిడే చెప్పింది. ఏడు తలలూ ఊగాయి.

మొదటిరోజే వరసలో ఒక పాత లైట్‌మన్ పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. దేవమ్మ సాంబారా, బల్లి ఉంటుందేమో అన్నాడు. వెనక వరసంతా ఆగిపోయింది. మేనేజరు ఇటే చూస్తున్నాడు. పక్కనే నిలబడ్డ దేవమ్మ వక్క కత్తిరించుకుంటోంది.

"బల్లి లేదు," అంది సత్యలక్ష్మి.

"అప్పుడు మీరే కదమ్మా చూశానన్నది?"

గరిటె గుండిగ అంచుకు తగిలి మోగింది.

"అప్పుడూ లేదు."

అతను పళ్లెం చాచాడు. వరస కదిలింది. అందరి తర్వాత దేవమ్మ కూడా తన పళ్లెం పట్టుకుని వచ్చి నిలబడింది.

"జర అడుగుకెళ్లి ముక్కలొచ్చేటట్టు పొయ్యి, సత్యమ్మా."

ప్యాకప్ చెప్పేదాకా, ఆ ఎండాకాలంలో ఒక్క పూట కూడా మానకుండా ఆవిడ చేత అలాగే పోయించుకుంది.