బర్రెకు తలంటు

ఇది వీరగాథ. అబ్బే, బర్రె స్నానం కథ.

కోరుట్లలో పశువైద్యం చదువుతూ, పిడుదుల డీఎన్ఏలో రోగాల జాడ వెతుకుతున్నాను. ఆఖరి పిడుదు మల్లాపూర్ లచ్చవ్వ బర్రె నుంచి తీయాలి. దొరక్కపోతే నా డిగ్రీ మరో ఏడాది వెనక్కి. వెళ్లేసరికి బర్రె తళతళా మెరుస్తోంది.

"సార్లు అస్తున్నరని పొద్దుగాల్నే గోమార్లన్నీ ఏరి పొయ్యిల ఏసిన కొడుకా! తానం పోసి పసుపు గూడ పెట్టిన."

గోమార్లంటే పిడుదులే. చెవుల్లో, తోక కింద అరగంట వెతికాను. ఒక్కటీ లేదు. ఏడుపొచ్చింది.

"గిదేంది, నీ మెడ మీద పాకుతున్నది?" అంటూ అవ్వ దాన్ని లాగి, పొయ్యి వైపు నడిచింది.

"అవ్వా, నీ కాల్మొక్త, ఏయకు! గది నా డిగ్రీ!"

"గింతనా నీ డిగ్రీ?" అని అవ్వ కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పిడుదును స్పిరిట్ సీసాలో వేసి, దాని మీది చీటీలో 'దొరికిన చోటు' దగ్గర 'నా మెడ' అని రాశాను.

స్పిరిట్ సీసా మూత గట్టిగా బిగించాలి. లేకపోతే ఆవిరైపోతుంది.