తొంభై ఆరో పేజీ

ఆ రోజుల్లో, అంటే ఫోన్లకు ఇంకా బొత్తాలున్న కాలంలో, మాకు సలహాలకు కొదవ లేదు, పనికొచ్చే సలహాకే కరువు. నా డిగ్రీ అయిపోయిందని తెనాలిలో మా వీధికి తెలియగానే, పాలు పోసే బాబాయి బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు. ఇస్త్రీ పెద్దాయన పోలీసుల్లో చేరమన్నాడు (నా చొక్కాల సైజు రోజూ చూస్తూ కూడా అన్నాడు, అదీ ఆయన ధైర్యం). నాన్న మాత్రం సలహా ఇవ్వలేదు, గడువిచ్చారు. "సోమవారం పొద్దున్నకి నీ సంగతేంటో చెప్పు. లేకపోతే దుగ్గిరాల వెళ్లి మీ మామయ్య పసుపు కొట్లో కూర్చో." నాకు పసుపు పేరు వింటేనే తుమ్ములొస్తాయి.

నేను గ్రంథాలయంలో పెరిగినవాణ్ణి. ఈత కూడా పుస్తకం చదివే నేర్చుకున్నాను (కాలవలో దిగాక మర్చిపోయాను). అందుకే శుక్రవారం సాయంత్రం నేరుగా అక్కడికే వెళ్లాను. బీరువా అడుగున, ఎవరికి ఏ వృత్తి నప్పుతుందో చెప్పే పాత పుస్తకం ఒకటి దొరికింది. నలభై ప్రశ్నలకు జవాబులు రాసి మార్కులు కూడుకోవాలి, ఫలితం తొంభై ఆరో పేజీలో చూసుకోవాలి. నాకు అరవై రెండొచ్చాయి. గబగబా పేజీలు తిప్పితే, తొంభై నాలుగు తర్వాత తొంభై ఏడు!

లైబ్రరీ మేడమ్ రిజిస్టరు చూసి, "నీకు ముందు తీసుకున్నవాడు ఒక్కడే బాబూ. బాపట్ల హాస్టల్లో ఉండేవాడు" అని చీటీ మీద అడ్రసు రాసిచ్చారు. "దొరికితే ఆ పేజీ తెచ్చిపెట్టు, పుణ్యముంటుంది."

శనివారం పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగాను. హాస్టల్ వంటాయన చీటీ చూసి గరిటె పక్కన పెట్టాడు. "వాడా? చదువు మానేశాడయ్యా. ఇదిగో, ఈ చొక్కా వాడు కుట్టిందే. రేపల్లె స్టేషన్ దగ్గర మిషను పెట్టుకున్నాడంట." మళ్లీ బస్సు, నగరం అనే ఊరి మీదుగా రేపల్లె. దారిలో ఓ అరటిపండు, బోలెడంత ఆశ.

టైలరన్న నా కథంతా విని పగలబడి నవ్వాడు. "చింపింది నేనే తమ్ముడూ. నాకు చేతిపని నప్పుతుందని రాసుంది. మా నాన్నకి అచ్చులో చూపిస్తేగానీ నమ్మడు మరి!" మేకుకు తగిలించిన కాగితపు నమూనాల్లోంచి ఒకటి లాగాడు. తొంభై ఆరో పేజీయే, కాకపోతే చొక్కా జేబు ఆకారంలో ఉంది.

"నాది అరవై రెండన్నా."

"ఆ ముక్క కత్తెరకి పోయింది."

"పోనీ ఏం రాసుందో గుర్తుందా?"

"నీది నాకెందుకు గుర్తుంటుంది? నాది గుర్తుంది."

ఏడుపొక్కటే తక్కువ. ఆ కాగితానికి అంటుకున్న దారాలు ఏరుతూ, మడతలు సాపు చేస్తూ, "కాస్త జిగురుంటే ఇస్తావా అన్నా, అంచు చిరుగుతోంది" అన్నాను. ఆయన మిషను ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "రెండు రోజుల్లో నీ బతుకేంటో తేలాలి, నువ్వేమో పేజీకి జిగురు రాస్తున్నావు. ఒక్క కాగితం కోసం ఊళ్లు పట్టుకు తిరిగావు. ఆ లైబ్రరీలోనే ఉద్యోగం చూసుకోరాదూ? దానికీ ఏదో కోర్సుంటుందిగా!"

నలభై ప్రశ్నల్లో ఒక్కటీ నన్ను అలా చూడలేదు.

సోమవారం నాన్న కాఫీ గ్లాసు దించి, "పుస్తకాలు సర్దడానికి కూడా చదువా?" అన్నారు.

"అవును నాన్నా."

"సర్దితే జీతమిస్తారా?"

"ఇస్తారట."

"ముందు ఆ 'అట' సంగతి తేల్చుకునిరా." మా ఇంట్లో అంగీకారం అలాగే ఉంటుంది.

ఇప్పుడు బాపట్లలో ఓ కాలేజీ గ్రంథాలయం నాది (నాది అనడం అలవాటైపోయింది). మొన్న ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల కట్టలో ఆ పుస్తకానిదే ఇంకో ప్రతి కనిపించింది. తొంభై ఆరో పేజీ నిక్షేపంగా ఉంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, అరవై రెండు దగ్గర వేలు పెట్టాను. 'మీరు వ్యాపారంలో అద్భుతంగా రాణిస్తారు.'

పుస్తకం మూసి, ముద్ర వేసి, నంబరు రాసి, అందరికీ అందేలా అరలో పెట్టాను. ఆ శనివారం పేజీ నిండుగా దొరికుంటే, అచ్చులో ఉన్నదాన్ని నమ్మే ఆ కుర్రాడు నేరుగా దుగ్గిరాల వెళ్లి ఇవాళ్టికీ తుమ్ముతూ ఉండేవాడు. మామయ్యకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.