ఎర్ర పడుగుకు మందు కొట్టిన అల్లుడు

వీధి మొత్తాన్నీ కరోనా నుంచి కాపాడబోయి, ఒక నేతగాడి నోట్లో మట్టి కొట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే.

మాది ఆదోని, తాతల నాటి పత్తి వ్యాపారం. లాక్‌డౌన్ పెట్టేసరికి నేను ఎమ్మిగనూరులో అత్తగారింట్లో ఇరుక్కుపోయాను. అల్లుడి మర్యాదలు ఎన్నాళ్లుంటాయి చెప్పండి? కొన్నాళ్లకు కాఫీ గ్లాసు నేనే కడుక్కునేవాణ్ణి. ఈ తిని కూర్చునే బతుకేమిటని రోషమొచ్చి, వీధుల్లో బ్లీచింగ్ నీళ్లు కొట్టే కుర్రాళ్లతో కలిశాను. పత్తిచేలకు మందు కొట్టే పంపు ఒకటి నా వీపుకు తగిలించి, "జనం చెయ్యి పడే చోటల్లా కొట్టన్నా" అన్నారు.

కొత్త వాలంటీరు పొద్దెరగడు కదా! డబ్బాకు గుప్పెడు పొడి చాలన్నారు. మామగారి వీధికి నేను తక్కువ చేస్తానా? నాలుగు గుప్పిళ్లు పోశాను. గడపలు, అరుగులు, కరెంటు స్తంభాలు, పాపం నిద్రపోతున్న ఒక కుక్క, అన్నీ తడిపాను. అప్పుడు కనిపించింది ఎదురింటి నాగన్న పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు ఎర్ర నూలునంతా వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పెట్టి ఆరేశాడు. మొగుడూ పెళ్లాం లోపల సద్ది తాగుతున్నారు. ఈ దారాల మీద ఎందరి చేతులు పడ్డాయో అనుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా ధారాళంగా కొట్టాను.

నాగన్న భార్య సుంకమ్మ చెయ్యి కడుక్కోడానికి బయటికొచ్చింది.

"ఏమప్పా, ఏం సేస్తాండావు?"

"మందు కొడతాండానక్కా, మీ మంచికే!"

"యాడ?"

"పడుగుకు."

ఇద్దరం అటు చూశాం. మా కళ్ల ముందే ఎర్ర నూలుకు అమ్మవారు పోసినట్టు తెల్లమచ్చలు లేస్తున్నాయి.

"ఎంత పొడేసినావు?"

"నాలుగు గుప్పిళ్లు..."

"ఓరి నీ సేవ పాడుగాను! ఇంట్లో ఉండే నూలంతా ఇదేనప్పా! నూలంగళ్లు ఎప్పుడు తెరుస్తారో ఏమో. ఇది నేసి అమ్మితేనే మాకు బియ్యం!"

నాగన్న పరుగెత్తుకొచ్చి, దారం వేళ్లతో నలిపి చూసి అలాగే కూర్చుండిపోయాడు. తిట్టినా బాగుండేది. మెల్లగా, "పత్తి యాపారమోళ్ల పిల్లోడివి, నూలు మీద ఇంత పగ ఏంటికప్పా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మా మామగారు అరుగు మీంచి, "అల్లుడూ, మాయింటికి మందేమీ వద్దులే. ఆ పంపు ఆడనే దించి రాప్పా" అన్నారు.

నూలు మటుకు గట్టిగానే ఉంది. మచ్చల చీర ఎవరు కడతారు? మాస్కులకైతే పనికొస్తుందన్నారు కుర్రాళ్లు. నాగన్న నేశాడు, సుంకమ్మ కుట్టింది, అమ్ముకొచ్చే శిక్ష నాకు పడింది. గంప పెట్టుకుని కూరగాయల అంగళ్ల పక్కన కూర్చున్నాను.

ఒక అవ్వ మాస్కు తిప్పి చూసింది. "ఈ మచ్చలేంటివప్పా?"

"బ్లీచింగ్ పడిందవ్వా."

"అబ్బా, నూలుకే మందు కొట్టినారా! నాకు మూడియ్యి."

"కాదవ్వా! పొరపాటున పడింది. అన్ని మాస్కుల మాదిరే ఇదీ, మందేమీ లేదు!"

"ఊరుకోప్పా. అందరికీ సాలదని దాస్తాండావు."

నేను కాదు కాదని అరిచిన కొద్దీ జనం ఎగబడ్డారు. పక్కనున్న మాస్కులాయన దగ్గర "మచ్చల్లేవే?" అని పెదవి విరిచి మరీ నా దగ్గరికొచ్చారు. మధ్యాహ్నానికి గంప ఖాళీ. నాగన్న ఇంట్లో బియ్యం పడ్డాయి. నాకు ఆ రోజే అన్నం సయించింది.

నూలంగళ్లు తెరిచాక ఒక పొద్దున మా మామగారి తలుపు తట్టారు. బయట నాగన్న, సుంకమ్మ. వాళ్ల వెనక, వీధి పొడవునా కొత్త ఎర్ర పడుగు.

"అల్లుడప్పా, రొంత మందు కొట్టిపో" అన్నాడు నాగన్న. "జనం మచ్చలవే కావాలంటాండారు."

నేను మంత్రాలయం దిక్కు తిరిగి, చేతులు జోడించి, గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ వీపుకు పంపు తగిలించను, ఎవరి నూలు జోలికీ పోను, సేవ అన్న మాట ఎత్తను!

సుంకమ్మ అంతా ఓపిగ్గా విని, పంపు తెచ్చి నా వీపుకు తగిలించింది.

"అట్లనే అప్పా, ఆ ఒట్టేదో రేపట్నించి పెట్టుకో. పొడి మటుకు నాలుగు గుప్పిళ్లు ఎయ్యి, తగ్గించొద్దు."