సంతకం పెట్టినవాళ్ళు ఎండలో నిలబడాలి

నిన్న పొద్దున మా హ్యాంగర్‌లో కొత్త టూల్ బాక్సు సొరుగు లాగితే కొత్త ఫోమ్ వాసన గుప్పున కొట్టింది. కొత్త చెప్పుల అట్టపెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన. ఆ నల్లటి ఫోమ్‌లో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే ఒక గుంట కోసి ఉంటుంది. స్పానర్‌కి స్పానరంత గుంట, స్క్రూడ్రైవర్ కొసకు తగిలించే గోరంత బిట్టుకి గోరంత గుంట. ఏదైనా ఒకటి లేకపోతే ఆ గుంట నోరు తెరుచుకుని మనకేసి చూస్తుంది. ఆ వాసన ఎప్పుడు తగిలినా నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు. గుర్తొస్తే కళ్ళు తుడుచుకునే రకాన్ని కాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనిపిస్తుంది.

మాది విమానాల మీద ప్రయోగాలు చేసే సంస్థ. ఆఫీసేమో హైటెక్ సిటీలో అద్దాల మేడ తొమ్మిదో అంతస్తులో, అసలు పనేమో ఊరి బయట చిన్న రన్‌వే పక్కన రేకుల హ్యాంగర్‌లో. ఇద్దరు పట్టే చిన్న విమానానికి కొత్త పరికరాలు బిగించి, ఎగరేసి, అవి గాలిలో ఎలా పనిచేస్తాయో చూస్తాం. నేను చేరేనాటికి భద్రత, నాణ్యత విభాగానికి యాదగిరి సార్ పెద్ద. ఆయన సంతకం లేనిదే విమానం కదిలేది కాదు. శేరిలింగంపల్లిలో పుట్టి, జీడిమెట్లలో ఒక కార్ఖానాలో ఫిట్టర్‌గా మొదలై, సాయంత్రం పూట చదువుకుంటూ అక్కడిదాకా వచ్చిన మనిషి. పొట్టిగా ఉండేవారు. చొక్కాకి జేబు ఉండేది కాదు. జేబుంటే అందులో ఏదో ఒకటి వేసుకుంటాం, వంగినప్పుడు అది విమానంలో జారిపడుతుంది, అందుకని దర్జీ దగ్గర దగ్గరుండి జేబు లేకుండా కుట్టించుకునేవారు.

మేము భీమవరం వైపు వాళ్ళం. నాన్నగారి సర్కారు ఉద్యోగం పుణ్యమా అని నల్లగండ్ల అపార్టుమెంటులో పెరిగాను. చేరిన మొదటి వారం నాణ్యత గురించి రంగురంగుల బొమ్మలతో ఒక ప్రెజెంటేషన్ తయారుచేసుకుని ఆయన ముందు పెట్టాను. రెండో బొమ్మ దాటకముందే, విమానం ఎగిరే వేళైందని ఆయన లేచి నన్ను రన్‌వే దగ్గరికి తీసుకెళ్ళారు. మే నెల. అక్కడ నేల మీద ఒక పసుప్పచ్చ గీత ఉంది. ఆ రోజు విమానం కాగితాల మీద సంతకాలు పెట్టిన మిగతా ముగ్గురూ ఆ గీత మీద నిలబడి ఉన్నారు, ఆయన కూడా వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డారు. పది అడుగుల దూరంలో షెడ్డు నీడ ఉంది, అందులోకి ఎవరూ వెళ్ళడం లేదు. ఇదేమిటండీ అని అడిగాను.

“సంతకం పెట్టినోళ్ళు ఎండల నిలవడాలె, విమానం దిగేదాక. పైన కూసున్నోనికి నీడ ఉంటదా?” అన్నారు.

గొడుగు వేసుకోవచ్చా అని కొంటెగా అడిగాను. వేసుకొమ్మన్నారు. గాలికి అది ఎగిరి రన్‌వే మీద పడితే మాత్రం దాని మీద కూడా నా సంతకమే ఉంటుందన్నారు. ఆ తర్వాత నేను గొడుగు మాట ఎత్తలేదు. నా ప్రెజెంటేషన్ ఆయన ఎప్పటికీ పూర్తిగా చూడలేదు. అది ఎంత పనికిమాలినదో నాకే తెలిసొచ్చాక నేను కూడా చూపించలేదు.

చేరిన ఎనిమిదో నెలలో నేనొక తప్పు చేశాను. నా ఉద్యోగం అప్పటికి ఇంకా ఖాయం కాలేదు. మా హ్యాంగర్‌లో సలీం భాయ్ అని పెద్ద మెకానిక్ ఉండేవారు. నా వయసుకి మించిన అనుభవం ఆయనది. సాయంత్రం పని ముగిశాక ఆయన పనిముట్లన్నీ సర్దితే, ఇంకొకరు ప్రతి సొరుగూ లాగి, లెక్క సరిచూసి సంతకం పెట్టాలి. ఆ రోజు ఆ ఇంకొకరు నేను. అన్నీ ఉన్నాయమ్మా అన్నారు సలీం భాయ్. పెద్దాయన నోటితో చెప్పాక, ఆయన కళ్ళెదుటే మళ్ళీ లెక్కపెడితే ఆయన్ని అనుమానించినట్టు ఉండదూ? మా ఇంట్లో నేర్పిన మర్యాద అడ్డొచ్చింది. సొరుగు ముట్టుకోకుండానే సంతకం పెట్టాను.

మర్నాడు పది గంటలకి విమానం ఎగరాలి. దాన్ని చూడడానికి బెంగళూరు నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. ఎనిమిదింటికి యాదగిరి సార్ మూడో సొరుగు లాగారు. ఒక బిట్టు గుంట ఖాళీ. కాగితం మీద నా సంతకం చూసి నన్ను పక్కకి పిలిచారు.

“చూసినవా, నమ్మినవా?”

నమ్మానండి అన్నాను.

“సలీం భాయ్‌ని నేను గూడ నమ్ముత బిడ్డా. గని నమ్మిన అని రాసెటందుకు గీ కాయితంల జాగ లేదు.”

అంతే. బోర్డు దగ్గరికి వెళ్ళి విమానం ఆపినట్టు రాసేశారు. మా విమానంలో పైలట్ సీటు కింది నుంచి రెక్కలకీ తోకకీ ఉక్కు తీగలు వెళ్తాయి. గోరంత బిట్టు ఆ తీగలు తిరిగే కప్పీలో ఇరుక్కుంటే చాలు, పైలట్ చేతిలోని కర్ర బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత నైపుణ్యం ఉన్నా లాభం లేదు. నా ఒక్క సంతకంతో ఒక మనిషి ప్రాణాన్ని ఆ సీటులో కూర్చోబెట్టబోయానని అప్పుడు అర్థమైంది.

డైరెక్టరు గారు పరుగున వచ్చారు. ఆ బిట్టు ఎవరి జేబులోనో ఇంటికి వెళ్ళిపోయి ఉంటుందనీ, ఏ మూలో పడి ఉంటుందనీ నచ్చజెప్పారు. చివరికి గొంతు పెంచారు.

“అది విమానంలోనే ఉందని మీకెలా తెలుసండీ?”

“లేదని మీకెట్ల తెల్సు సార్? ఎవ్వరన్న చూస్తె చెప్పుండ్రి, ఇప్పుడే సంతకం పెడ్త.”

సీట్లు విప్పాం, నేల పలకలు విప్పాం, టార్చి వేసుకుని అంగుళం అంగుళం వెతికాం. వచ్చినవాళ్ళు కాఫీలు తాగారు, భోజనాలు చేశారు, మూడింటికి మొహాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. నాలుగింటికి సలీం భాయ్ కళ్ళజోడు తుడుచుకుందామని దాని డబ్బా తెరిచారు. బిట్టు అందులో ఉంది. కింద పడిపోతుందేమోనని ఆయనే భద్రంగా అందులో వేసి మరిచిపోయారు. పాపం, ఆయన మొహంలో నెత్తురు లేదు. యాదగిరి సార్ ఆయన్ని కూర్చోబెట్టి, తన చేత్తో చాయ్ తెచ్చి ఇచ్చారు.

“దొరికింది గదా, ఫికర్ చెయ్యకు. విమానం మంచిగున్నదని ఇప్పుడు ఎరుక. పొద్దుగాల ఎరుక లేకుండె.”

కళ్ళజోడు డబ్బా కోసం రోజంతా తగలేశారని తొమ్మిదో అంతస్తులో నవ్వుకున్నారు. నాలుగు రోజుల తర్వాత నన్ను అక్కడికి పిలిచారు. నివేదిక తయారుగా ఉంది. భద్రతాధికారి తగిన కారణం లేకుండా విమానాన్ని ఆపారని అందులో రాశారు. నా తప్పు ఊసే లేదు. సాక్షిగా నేనొక సంతకం పెడితే ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా ఆ పూటే కదులుతుందని మెత్తగా చెప్పారు. యాదగిరి సార్ ఎదురుగా కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు భయం వేసింది, చాలా భయం వేసింది. ఆ భయంలోనే కలం తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోట ఇలా రాశాను: “లెక్క చూడకుండా సంతకం పెట్టింది నేను. విమానాన్ని ఆపడం సరైన పని. రోజంతా నేను అక్కడే ఉండి చూశాను.” దాని కింద సంతకం పెట్టాను.

బయటికొచ్చాక ఆయన నన్ను కోప్పడ్డారు. నౌకరి పోతే ఏం జేస్తవ్, ఎవరు రాయమన్నరని అడిగారు. నమ్మి రాయలేదండీ, చూసి రాశాను అన్నాను. ఆయన నవ్వడం నేను దగ్గరగా చూసింది అప్పుడే.

ఆయన్ని సలహాదారుని చేసి, సంతకం అధికారం తీసేసి, ఆ తొమ్మిదో అంతస్తులోనే కిటికీ పక్కన ఒక కుర్చీ వేశారు. నా ఉద్యోగం ఇంకో ఏడాది దాకా ఖాయం కాలేదు. ఒకసారి పలకరించడానికి వెళ్తే కింద కార్లు నిలిపే చోటు చూపించి, అక్కడ తన నాయిన జొన్నలు వేసేవారని చెప్పారు. సలహా అడగడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. “ఒక్కడు రాడు. గని వీళ్ళు అడగకపోతే నేను చెప్పకుంట ఉంటనా?” అన్నారు. రోజూ పొద్దున చెక్‌లిస్టులు తెప్పించుకుని, తప్పులకి ఎర్ర సిరాతో గీతలు పెట్టి, ఎవరూ అడగకపోయినా డైరెక్టరు బల్ల మీద పెట్టి వచ్చేవారు. రిటైరయ్యే రోజు దాకా అదే పని.

పోయిన చలికాలం ఆయన చనిపోయారు. ఆయన చేసింది తప్పని చెప్పే ఆ నివేదిక మా ఫైళ్ళలో ఇప్పటికీ ఉంది. ఉండనివ్వండి. దాని కింద నా రాత కూడా ఉంది.

భద్రత, నాణ్యత విభాగంలో ఒకప్పటి ఆయన కుర్చీ ఇప్పుడు నాది. నిన్న వచ్చిన టూల్ బాక్సు మామూలుది కాదు. దానికొక తెర ఉంది. పనిముట్లన్నీ గుంటల్లో ఉంటే ఆ తెర పచ్చగా వెలుగుతుంది, ఇక మనుషులు లెక్కపెట్టే శ్రమ ఉండదట. తెర పచ్చగానే ఉంది. అయినా విమానం ఆపించి, ఒక్కో సొరుగూ లాగి, ఒక్కో పనిముట్టునీ వేలితో ముట్టుకుని లెక్కపెట్టించాను. ముప్పావుగంట పట్టింది. అన్నీ ఉన్నాయి. ఈలోగా కొత్త డైరెక్టరు గారు హైటెక్ సిటీ నుంచి ఫోన్ చేశారు. అన్నీ ఉన్నాయిగా, మరి ఇంతసేపు ఆపి ఏం సాధించారని అడిగారు.

“ఉన్నాయని ఇప్పుడు తెలిసిందండీ. ఇందాక తెలీదు” అన్నాను.

ఆయన ఇంకా ఏదో అంటుండగానే పెట్టేసి, ఫోన్‌ని బల్ల మీద వదిలి, సంతకం చేసి, పసుప్పచ్చ గీత మీదికి వెళ్ళాను. విమానం లేచింది. ఎండ మాడు పగలగొడుతోంది. వెనక హ్యాంగర్‌లో నా ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. నా కుర్తాకి జేబు లేదు. విమానం చక్రాలు నేలకి తగిలేదాకా దాన్ని మోగనిచ్చాను.